ఎవరిని నిలదీయాలి?

(భండారు అచ్చమాంబ స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



అచ్చమాంబ గారి పేరు చెప్పగానే 1901లో వచ్చిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల', ఆ మరుసటేడు వచ్చిన 'ధనత్రయోదశి' కథ గుర్తొస్తాయి. వాటి వెంటే తొలి తెలుగు కథ ఎవరిదన్న తగువూ వస్తుంది. ఆ తగువును ఈ పూటకు పక్కన పెడదాం. నా మనసు ఎప్పుడూ ఆవిడ రాయాలనుకుని రాయలేకపోయిన భాగం మీదికే పోతుంది. రత్నమాలను మూడు భాగాలుగా తేవాలని ఆవిడ సంకల్పం. మొదటిది ఈ దేశ చరిత్రలో కనిపించే స్త్రీలు, రెండోది వేదాల, పురాణాల స్త్రీలు, మూడోది ఇంగ్లండు, అమెరికా వంటి పరదేశాల స్త్రీలు. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన మనిషి, బడి గడప తొక్కని మనిషి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టిన మనిషి, సముద్రాల అవతలి ఆడవాళ్ల చరిత్ర తెలుగులో రాయాలనుకున్నారు. 1905లో ముప్పై ఏళ్లకే వెళ్లిపోయారు. మూడో భాగం మనకు దక్కలేదు.

ఆ లోటు గంట ప్రసంగంతో తీరేది కాదు. ఆ భాగం రాసేవాళ్లకు ఎదురయ్యే ఒక చిక్కును మాత్రం మీ ముందు పెడతాను. ప్రపంచంలో స్త్రీల ఉద్యమాలు ఒక తాటి మీద నడిచినవి కావు. ఒకరి డిమాండు మరొకరికి అనవసరం అనిపించింది, కొన్నిసార్లు అవమానం అనిపించింది. పాఠ్యపుస్తకాలు ఈ చిక్కును అలల లెక్కతో దాటేస్తాయి. మొదటి అలలో ఓటు, రెండో అలలో శరీరం, ఉద్యోగం, మూడో అలలో మిగిలినవన్నీ. అమెరికా, బ్రిటన్ల కథకు ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. నైజీరియా కథను గాని, బొలీవియా కథను గాని అందులో ఇరికించబోతే అవి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినట్టో, అసలు రానట్టో కనిపిస్తాయి. అందుకే నేను వేరే ప్రశ్న వేసుకుంటాను. ఫలానా చోట ఆడవాళ్లు గుమిగూడి ఎవరి గుమ్మం ముందు నిలబడ్డారు? నాకు అర్థమైనంతలో సిద్ధాంతాలు వేరుపడింది అక్కడే. లిబరల్, సోషలిస్టు, రాడికల్ అని మనం పెట్టుకున్న పేర్ల వెనక ఉన్నది, తమ బతుక్కి జవాబు చెప్పవలసింది ఎవరన్న ప్రశ్నకు ఆయా ఆడవాళ్లు చెప్పుకున్న సమాధానమే.

ఓటు ఉద్యమాలు నిలబడింది చట్టసభ గుమ్మం ముందు. ఈ కథ మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువసేపు ఆగను. న్యూజిలాండు 1893లో ఇచ్చింది. బ్రిటన్ 1918లో ముప్పై దాటి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఇచ్చి, మగవాళ్లతో సమానంగా ఇవ్వడానికి 1928 దాకా తాత్సారం చేసింది. స్విట్జర్లాండు సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. అక్కడ రాజ్యాంగం మార్చాలంటే ప్రజల ఓటు కావాలి. ఓటున్నది మగవాళ్లకే గనుక ప్రజలంటే మగవాళ్లే. 1959లో వాళ్లలో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 1971లో ఒప్పుకున్నారు. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే బుల్లి కాంటన్ అప్పటికీ స్థానిక ఎన్నికల్లోకి ఆడవాళ్లను రానివ్వలేదు. 1990లో దేశ అత్యున్నత న్యాయస్థానం చెప్పాకే అక్కడ తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత రెండేళ్లకు మన పార్లమెంటు పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయిస్తూ 73వ సవరణ ఆమోదించింది. ఐరోపా ముందు, మనం వెనక అనుకునే అలవాటు ఉన్నవాళ్లు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసుకోవచ్చు.

ఇప్పుడు నైజీరియా. 1929 నవంబరు, ఆగ్నేయ ప్రాంతంలోని ఒలోకో అనే ఊరు. న్వాన్యెరువా అనే ఆవిడ తన ఇంటి దగ్గర పామాయిల్ తీస్తోంది. బ్రిటిష్ వాళ్లు నియమించిన వారెంట్ చీఫ్ తరఫున ఒకతను వచ్చి, మీ ఇంట్లో మేకలెన్ని, గొర్రెలెన్ని, మనుషులెందరు, లెక్క చెప్పమన్నాడు. ఈ లెక్కలు ఎందుకో ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. అంతకుముందు మగవాళ్లను ఇలాగే లెక్కపెట్టి 1928లో వాళ్ల మీద పన్ను వేశారు. ఇక ఆడవాళ్ల వంతు వచ్చిందని న్వాన్యెరువా అనుకుంది. మీ అమ్మను లెక్కపెట్టావా అని ఎదురడిగింది. మాటామాటా పెరిగింది, చెయ్యీ చెయ్యీ కలిసింది. ఆవిడ నూనె చేతులతోనే ఊళ్లో ఆడవాళ్లు సమావేశమైన చోటికి పరుగెత్తింది. పామ్ ఆకులు చేతులు మారుతూ ఊరూరికీ కబురు వెళ్లింది. కొద్ది రోజుల్లో వేలమంది ఆ వారెంట్ చీఫ్ ఒకుగో ఇంటి ముందున్నారు.

వాళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు. ఆ ప్రాంతపు ఇగ్బో స్త్రీలకు ఒక పాత ఆచారం ఉంది. పెళ్లాన్ని కొట్టేవాడో, సంత కట్టుబాటు తప్పినవాడో, ఆడవాళ్ల పంట మీదికి పశువులను వదిలినవాడో ఉంటే, సంతలో మాట అనుకుని అందరూ కలిసి అతని ఇంటికి వెళ్తారు. అతను చేసిన పనులన్నీ పాట కట్టి పాడతారు. ఆడతారు. రోకళ్లతో గోడలు బాదుతారు. ఒక్కోసారి గుడిసె పైకప్పు కూడా మిగలదు. తప్పు ఒప్పుకునేదాకా కదలరు. ఈ ఆచారం అప్పటిదాకా ఊరి మగవాడి గుమ్మం దగ్గర ఆగింది. 1929లో అది సామ్రాజ్యం గుమ్మం దాకా వెళ్లింది. తలలకు ఆకులు చుట్టుకుని, ముఖాలకు మసి పూసుకుని వెళ్లినవాళ్లు వలస ప్రభుత్వపు నేటివ్ కోర్టుల మీదా, చీఫ్‌ల ఇళ్ల మీదా, ఐరోపా కంపెనీల కొట్ల మీదా పడ్డారు. కంపెనీల కొట్లు ఎందుకంటారా? ఆ ఏడు పామాయిల్ ధర పడిపోయింది, వాళ్లు కొనుక్కోవలసిన సరుకుల ధరలు పడలేదు. పన్నుకూ ధరకూ లంకె ఎక్కడుందో వాళ్లకు తెలుసు. డిసెంబరులో సైనికులు, పోలీసులు కాల్పులు జరిపారు. యాభై మందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. దీని వెనక మగవాళ్లు ఎవరో ఉండే ఉంటారని కొందరు అధికారులు అనుమానించారు. ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లే ఇంత పని చేశారంటే దొరలకు మింగుడుపడలేదు. తర్వాత కొన్నేళ్లలో వారెంట్ చీఫ్‌ల వ్యవస్థనే తీసేయవలసి వచ్చింది.

ఆ స్త్రీలు తర్వాత ప్రభుత్వం జరిపిన విచారణలోనూ బయటా అడిగిన వాటిలో కోర్టుల్లో ఆడవాళ్లు కూడా తీర్పరులుగా కూర్చోవాలన్నది ఉంది, తెల్లవాళ్లు తమ దేశానికి వెళ్లిపోవాలన్నది ఉంది. ఈ రెండింటినీ విడదీసి, మొదటిది స్త్రీవాదం, రెండోది జాతీయవాదం అని అరలు కట్టే పండితులున్నారు. ఒలోకో ఆడవాళ్లకు అది ఒకే మాట. ఇరవై ఏళ్ల తర్వాత అదే దేశంలో, పడమటి వైపున, అబెవోకుటా నగరంలో ఫున్మిలాయో రాన్సమ్ కుటి నాయకత్వాన మార్కెట్ స్త్రీలు మళ్లీ పన్ను గురించే కదిలితే, అలాకే అనే బిరుదున్న అక్కడి రాజు 1949లో గద్దె దిగాడు.

ఇక ఇంటి గుమ్మం. దీని గురించి మాట్లాడేటప్పుడు రెండు చోట్లను కలిపి చూడాలి. అవి ఒకదానికొకటి ఎంత దూరమో అంత దగ్గర.

1975ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. ఆ అక్టోబరు 24న ఐస్‌లాండ్ స్త్రీలు పని మానేశారు. ఉద్యోగమూ చేయలేదు, వంటా చేయలేదు, పిల్లల్నీ చూడలేదు. సమ్మె చేద్దామన్నది 'రెడ్ స్టాకింగ్స్' అనే రాడికల్ బృందం ఆలోచన. ఆ మాటకు సంప్రదాయవాద పార్టీల ఆడవాళ్లు బెదురుతారని 'సెలవు రోజు' అని పేరు పెట్టారు. మంచి ఎత్తుగడే. దేశంలో దాదాపు 90 శాతం మంది స్త్రీలు సెలవు పెట్టారు. చేపల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, టెలిఫోన్లు మోగలేదు, పత్రికలకు అక్షరాలు కూర్చేవాళ్లు లేరు. బ్యాంకు కౌంటర్లలో పెద్ద ఆఫీసర్లు కూర్చున్నారు. తండ్రులు పిల్లల్ని ఆఫీసులకు వెంటబెట్టుకుపోయారు. తేలిగ్గా వండుకోవచ్చని మగవాళ్లంతా ఎగబడడంతో కొట్లలో సాసేజ్‌లు అయిపోయాయి. రెండు లక్షల ఇరవై వేల జనాభా ఉన్న దేశంలో ఒక్క రేక్యావిక్ సభకే పాతికవేల మంది వచ్చారు. మరుసటేడు సమానత్వ చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదోత్తిర్ అధ్యక్షురాలయ్యారు. ఎన్నికల్లో గెలిచి దేశాధ్యక్ష పదవి చేపట్టిన తొలి మహిళ ప్రపంచంలో ఆవిడే.

1975లోనే, జూన్‌లో మెక్సికో సిటీలో మహిళా సంవత్సర సదస్సు జరిగింది. ప్రభుత్వ ప్రతినిధుల సభ ఒకచోట, సంఘాలవాళ్ల సభ మరోచోట. ఆ రెండో సభకు బొలీవియా నుంచి డొమితిలా బారియోస్ దె చుంగారా వచ్చింది. సిగ్లో వెయింతే అనే తగరపు గనిలో పనిచేసే కార్మికుడి భార్య, ఏడుగురు పిల్లల తల్లి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి సల్తేన్యాలు, అంటే మాంసం కూరిన కజ్జికాయల్లాంటివి, చేసి వీధిలో అమ్మేది. అక్కడి గని కార్మికులను జైల్లో పెడితే విడిపించుకోవడానికి రాజధాని వెళ్లి నిరాహారదీక్ష చేసిన భార్యలు 1961లో గృహిణుల కమిటీ పెట్టుకున్నారు. డొమితిలా ఆ కమిటీ నాయకురాలు. జైలుకు వెళ్లింది, చిత్రహింసలు పడింది, కడుపులో బిడ్డను పోగొట్టుకుంది.

మెక్సికోలో తనలాంటివాళ్లు కలుస్తారనుకుంది. అక్కడ చర్చ మగవాడి చుట్టూ తిరుగుతోంది. మీ కష్టాలు, మీ గనుల మాట కాసేపు ఆపి, ఆడవాళ్లుగా మనిద్దరి సంగతి మాట్లాడుకుందాం అన్నట్టు ఒక ప్రతినిధి అంటే, డొమితిలా ఆగలేదు. రోజుకో కొత్త దుస్తుల్లో, సింగారించుకుని, కారులో వచ్చే ఆవిడకూ, గనిలో మొగుడి పని పోతే నెత్తిన కప్పు కూడా పోయే తనకూ ఎక్కడ పోలిక ఉందని అడిగింది. ఆ సభలో తాను నిలదీయవలసింది పక్కనున్న గని కార్మికుణ్ని కాదని, అతన్నీ తననూ కలిపి పిండే వ్యవస్థను అని ఆవిడ వాదన. ఈ సంఘటనను మూడో ప్రపంచపు గొంతు అని మెచ్చుకుంటూ చాలామంది రాశారు. వాళ్లంతగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఇదే డొమితిలా తన ఊళ్లో ఆడవాళ్లతో కూర్చుని ఒక లెక్క కట్టింది. మేం ఉతికే బట్టలు చాకలికి వేస్తే ఎంత, వంటమనిషిని పెట్టుకుంటే ఎంత, పిల్లల్ని చూసుకునే మనిషికి ఎంత, పనిమనిషికి ఎంత? మొత్తం కూడితే గనిలో మొగుడి జీతం కన్నా ఎక్కువ తేలింది.

1972లో ఇటలీలోని పాదువాలో మొదలైన 'ఇంటిపనికి జీతం' ఉద్యమంలో మరియారోసా దల్లా కోస్తా, సెల్మా జేమ్స్, సిల్వియా ఫెదెరిచి వాదించింది కూడా ఈ లెక్కే. కార్మికుణ్ని రోజూ పనికి తయారుచేసి పంపే ఇంటి చాకిరీకి యజమాని పైసా ఇవ్వడు, లాభం మాత్రం తీసుకుంటాడు. పాదువా మేధావులకూ, గని ఊరి గృహిణికీ గుమ్మం ఒకటే దొరికింది. జీతం ఇవ్వాలన్న డిమాండు మీద నాకు అనుమానాలున్నాయి. ఇస్తే వంటిల్లు శాశ్వతంగా ఆడదానికే రాసిచ్చినట్టవుతుందన్న భయం ఉంది. కాని లెక్క కట్టి చూపించడం దానికదే పెద్ద పని.

డొమితిలాతో నేను విభేదించే చోటూ ఉంది. మెక్సికోలో స్త్రీల లైంగిక స్వేచ్ఛ గురించి, స్వలింగ ప్రేమికుల గురించి చర్చ వస్తే అవి తమకు పట్టని విషయాలని ఆవిడ కొట్టిపారేసింది. 1992లో అదే బొలీవియాలో, లా పాస్ నగరంలో, 'ముహేరెస్ క్రెయాందో' అనే బృందం పుట్టింది. దాన్ని స్థాపించినవాళ్లలో లెస్బియన్లు ఉన్నారు, ఐమారా ఆదివాసీ స్త్రీ ఉంది. వాళ్లు పార్టీల మీదా, చర్చి మీదా, మగ పెత్తనం మీదా ఊరి గోడల నిండా రాతలు రాశారు. ఆ విషయాలు బొలీవియాకు పట్టనివి కావని ఆ గోడలే చెప్పాయి. గని కమిటీ స్త్రీలకు ఉన్న ప్రతిష్ఠ వల్ల ఈ మాట చెప్పడానికి మనం మొహమాటపడతాం. అక్కర్లేదు. 1977 డిసెంబరు చివర్లో గని కార్మికుల భార్యలు నలుగురు, తమ పిల్లలతో సహా, మొదలుపెట్టిన నిరాహారదీక్ష వెయ్యిమందికి పైగా పాకి, నియంత బాన్సెర్ చేత క్షమాభిక్ష ప్రకటింపజేసింది. అంతటి పోరాటం చేసినవాళ్లతోనూ ఒక విషయంలో విభేదించవచ్చు.

ఒక్కోసారి ఏ గుమ్మం ముందు నిలబడాలో తెలిసినా, అక్కడి కిటికీలో మన అర్జీకి చోటుండదు. 1976లో అమెరికాలో సెయింట్ లూయిస్ కేసు అలాంటిది. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పనిపోయిన నల్లజాతి స్త్రీలు కోర్టుకెళ్లారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను తీసుకోలేదు. మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్లను ముందు తీసేసే పద్ధతి అమలైతే వాళ్లంతా వీధిన పడ్డారు. కోర్టు ఏమంది? స్త్రీల పట్ల వివక్షా? కంపెనీలో స్త్రీలున్నారు కదా. ఉన్నది తెల్లజాతి స్త్రీలు, ఆఫీసు పనుల్లో. జాతి వివక్షా? నల్లవాళ్లున్నారు కదా. ఉన్నది మగవాళ్లు. రెండూ కలిపి కొత్త వర్గంగా గుర్తించడం కుదరదు అంది. కింబర్లీ క్రెన్‌షా అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలు 1989లో ఈ కేసునే పట్టుకుని, రెండు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడినప్పుడు చట్టానికి ఆ మనిషే కనపడదని చూపించారు. అంతకు ముందే, 1977లో, బోస్టన్‌లోని 'కోంబాహీ రివర్ కలెక్టివ్' నల్లజాతి స్త్రీలు ఒక ప్రకటనలో తెల్ల స్త్రీవాదుల్నీ, నల్లజాతి ఉద్యమంలోని మగవాళ్లనూ, పెట్టుబడినీ ఒకేసారి నిలదీశారు. 1863లో హారియెట్ టబ్‌మన్ దారిచూపగా ఏడువందల మందికి పైగా బానిసలు విముక్తులైన నది పేరునే ఆ బృందం పెట్టుకుంది.

ఆ ప్రకటన చదివినప్పుడు మనకు మన ఊళ్లే గుర్తుకొస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్లు ఎవరు? ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లు, అక్షరాస్యత కేంద్రాల్లో అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటున్నవాళ్లు. వాళ్లను కొట్టింది మొగుళ్లే. వాళ్లు వెళ్లింది మాత్రం కాంట్రాక్టరు దగ్గరికీ, సారా వేలంపాట జరిగే కలెక్టరాఫీసు దగ్గరికీ. తాగినవాడి కన్నా తాగించేవాడి దగ్గరే జవాబు ఉందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని సడలించడం, తర్వాతి కథ మీకు తెలుసు. ఆ దశాబ్దంలోనే దళిత స్త్రీలు అగ్రకులాల స్త్రీవాదులను వేరే ప్రశ్న అడిగారు. 1995లో దళిత మహిళల జాతీయ సమాఖ్య ఏర్పడింది. తెలుగులో 2002లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. మీరు మా కులపు మగవాడి గురించి మాట్లాడతారు సరే, మీ ఇంటి ఆడవాళ్లు మమ్మల్ని గడప అవతల నిలబెట్టిన సంగతి ఎప్పుడు మాట్లాడతారు అన్నది ఆ ప్రశ్న. అందులో కొన్ని వ్యాసాలు, కథలు చదివి నొచ్చుకున్న స్త్రీవాదులు నాకు తెలుసు. నొచ్చుకోవలసిందే.

మతం గుమ్మం సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. ఈజిప్టులో హుదా షారావీ 1923లో కైరో రైల్వే స్టేషన్లో ముసుగు తీసిన కథ అందరూ చెబుతారు. ఆవిడ పెట్టిన స్త్రీల సంఘం నుంచే బయటికొచ్చి, ఇస్లాంలోనే స్త్రీకి కావలసినదంతా ఉందని ముస్లిం స్త్రీల సంఘం పెట్టిన జైనబ్ అల్ గజాలీ కథ ఎవరూ చెప్పరు. ఈ రెండు దారులూ ఇప్పటికీ నడుస్తున్నాయి. మొరాకోలో 2000 మార్చి 12న కుటుంబ చట్టం మార్చాలని రబాత్‌లో, మార్చొద్దని కాసాబ్లాంకాలో ఒకేరోజు ఊరేగింపులు జరిగాయి. రెండింటిలోనూ స్త్రీలు బారులు తీరారు. 2004లో వచ్చిన చట్టం పెళ్లి వయసును 18కి పెంచింది, కుటుంబ బాధ్యతను భార్యాభర్తలిద్దరిదీ చేసింది. దాన్ని సమర్థించినవాళ్లు ఐక్యరాజ్యసమితి ఒప్పందాలనూ చూపించారు, ఖురాన్‌నూ చూపించారు. మతగ్రంథం జోలికి పోకుండానే గెలవాలన్న పట్టుదల ఉన్న నాలాంటివాళ్లకు ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టే గుమ్మం కువైట్‌లో ఉంది. అక్కడి స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడి, నీలిరంగు గుర్తుగా పెట్టుకుని పార్లమెంటు బయట నిలబడి, 2005 మే 16న ఓటు సాధించారు. 2009లో నలుగురు పార్లమెంటులోకి వెళ్లారు. గొప్ప విజయం. ఆ నగరంలో ఎన్నో ఇళ్ల వంటగదుల్లో కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఖద్దామా వీసా, అంటే ఇంటిపనివాళ్ల వీసా, మీద వెళ్లిన మన ఆడవాళ్లున్నారు. వాళ్ల వీసా ఇంటి యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. అతను ఒప్పుకోకుండా పని మారడం బహు కష్టం. పాస్‌పోర్టు చాలాసార్లు అతని దగ్గరే ఉంటుంది. 2015లో వచ్చిన చట్టం వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో కూడిన నెలరోజుల సెలవు అంటోంది. నాలుగు గోడల మధ్య అది ఎంత అమలవుతుందో చూసేవాళ్లు ఎవరు? ఆ ఇంట్లో ఆజ్ఞాపించేది చాలాసార్లు మేడమే, అంటే ఓటు కోసం పోరాడిన తరం స్త్రీయే, లేదా ఆమె కూతురు. ఆమె ఉద్యోగానికీ, ఊరేగింపుకీ వెళ్లగలగడానికి అలా వెళ్లిన మన రాజంపేట ఆవిడ చేసే పని కూడా ఒక కారణం. ఐస్‌లాండ్‌లో ఒకరోజు ఆగిపోయిన పని ఇక్కడ ఆగలేదు, ఇంకో ఆడమనిషి చేతికి మారింది. హైదరాబాదులో, విజయవాడలో మన ఇళ్లలో జరిగేదీ ఇదే గనుక కువైట్ మేడం మీద వేలెత్తి చూపే హడావిడి నాకు లేదు.

మరి ఆ రాజంపేట ఆవిడ ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? మేడం ముందా, స్పాన్సర్ వ్యవస్థను నడిపే ప్రభుత్వం ముందా, అప్పుచేయించి పంపిన ఏజెంటు ముందా, ఆమె పంపే డబ్బుతో ఇల్లు కట్టుకుని ఆమె తిరిగొచ్చే సంగతి ఎత్తని సొంత కుటుంబం ముందా? ఒలోకో స్త్రీలకు సంత ఉంది, గని భార్యలకు కమిటీ ఉంది, దూబగుంట వాళ్లకు రాత్రిబడి ఉంది. ఈమెకు పక్కింటి వంటగదిలో ఉన్న మనిషిని కలవడానికి శుక్రవారం సెలవు దొరకాలి. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. కువైట్ దాన్ని ధ్రువీకరించలేదు. ఓటింగులో అనుకూలంగా చెయ్యెత్తిన మన దేశమూ ఇంతవరకు ధ్రువీకరించలేదు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు, వాళ్ల కుటుంబాలవాళ్లు ఈ సభలో ఉంటే, ప్రశ్నల సమయంలో ముందు వాళ్లను మాట్లాడనివ్వమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.